ఎవరూ కదలొద్దు

నేను మైకు పట్టుకునేవాణ్ణి.
కర్రకు కట్టిన మైకును తలలమీదుగా చాపి
ఫ్రేములో నా నీడ పడకుండా నిలబడటమే ఉద్యోగం.

ఫోను వదల్లేని మనుషుల మీద
నస్రీన్ డాక్యుమెంటరీ.
తిరుపతిలో మూడు వారాలు తిరిగాం.
లీలామహల్ సర్కిల్లో
సవారీ పిలిచినా వినపడని ఆటో లోకనాథం,
కొర్లగుంటలో బిడ్డ నిద్రపోయినా
తాను నిద్రపోని మునీశ్వరి,
టోకెన్ల వరసలో
ముందువాళ్ళు జరిగిపోయినా జరగని నలుగురు.

చివరికి సినిమా అంతా చెంగల్రాయుడి చుట్టూ తిరిగింది.

పుత్తూరు మనిషి. విరిగిన ఎముకలకు
కట్టుకట్టే ఊరు వదిలి మద్రాసు బస్సెక్కాడు.
నూటా తొంభై సినిమాల్లో ఇన్‌స్పెక్టరు.
సొంత యూనిఫాం, సొంత టోపీ.
"బెల్టుకు ఏడు బొక్కలబ్బా,
అదే నా సర్వీసు రికార్డు" అంటాడు.
ఆఖరి రీల్లో జీపు దిగి ఒకే మాట:
ఎవరూ కదలొద్దు!
అప్పటికే హీరో అందర్నీ కొట్టేసి ఉంటాడు.
కదిలే ఓపిక ఎవరికీ ఉండదు.
హాల్లో జనం మాత్రం
చీకట్లో కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటూ లేస్తుంటారు.
ముప్పయ్యొక్క ఏళ్ళు
వెళ్ళిపోయే వీపులకే చెప్పాడా మాట.

ఆ తొమ్మిది సెకన్లు ఎవరు కత్తిరించారో తెలీదు.
పరీక్ష తప్పినోడూ, జీతం రానోడూ,
మళ్ళీ ఉప్మానేనా అన్నోడూ
ఇప్పుడు ఆయన మొహాన్నే పంపుకుంటారు.
పెళ్ళిభోజనాల్లో పిల్లలు చుట్టుముడతారు,
"తాతా, ఒక్కసారి చెప్పవా."
చెబుతాడు. దుడ్లు అడగడు.
బైరాగిపట్టెడ మేడమీది గదిలో
రాత్రంతా లెక్క చూసుకుంటాడు,
ఎందరు చూశారు, ఎందరు నవ్వారు,
ఎవడు "ఈ ముసలోడు ఇంకా ఉండాడా" అని రాశాడు.

భార్య కుప్పమ్మ కెమెరా వైపు చూడకుండా
చెనిగ్గింజలు వలుస్తానే చెప్పింది:
"మద్రాసులో ఉన్నెప్పుడు
నెలకొకతూరన్నా ఇంటికొచ్చేటోడు.
ఇప్పుడు ఇంట్లోనే ఉండాడు,
రానే రాడు."

గాజు మీద బొటనవేలు జరిగే చప్పుడు
కావాలంది నస్రీన్.
మైకు ఆనించాను. ఏమీ లేదు.
ఊర్లు ఊర్లే మునిగిపోయిన పనికి
చప్పుడే లేదు.

చెంగల్రాయుడు నవ్వాడు.
"డబ్బింగు థియేటర్లో గుర్రం లేకుండానే
గుర్రాన్ని ఉరికించినోళ్ళం నాయనా.
ఒక తమలపాకు తే."
వేలు తడిచేసి ఆకుమీద కిందనుంచి పైకి లాగాడు.
సర్ర్.
మళ్ళీ. సర్ర్.
హెడ్‌ఫోన్లో నాకు
పక్కగదిలో ఎవరో నిద్రపట్టక
ఒత్తిగిలినట్టు వినిపించింది.
నస్రీన్ కట్ అంది.
వేలు ఆగలేదు.
ఆకు నలిగి, చినిగి, ఈనెలు మిగిలాయి.
కట్ అన్నాక ఆగకపోవడం
జన్మలో అదే మొదలని
తర్వాత ఆయనే చెప్పాడు, సిగ్గుపడుతూ.

కాలేజీ హాల్లో ప్రదర్శన.
తెరమీద తమలపాకు సర్రుమంటోంది.
కింద చీకట్లో రెండొందల నీలి మొహాలు.
సినిమా అయిపోయింది, లైట్లు వెలిగాయి,
ఒక్కరూ లేవలేదు.
ఒక్క చెప్పూ చప్పుడు చెయ్యలేదు.
అందరి తలలూ ఒడిలోకే.

శాలువా కప్పి మైకిచ్చారు.
"ఆ డైలాగు సార్!" ముందువరసలో ఎవరో
తల ఎత్తకుండానే ఫోను ఎత్తారు.
ఆయన చంకలో లేని లాఠీని సర్దుకున్నాడు.
ఊపిరి పీల్చి, నోరు తెరిచి,
హాలంతా ఒకసారి చూశాడు.

చేతిమైకు దించేశాడు.
"లెయ్యండి నాయనా," అన్నాడు మెల్లగా,
"చీకటి పడతా ఉండాది. బస్సులు ఉండవు."

తల పైన నా కర్ర మైకుకు తప్ప
ఎవరికీ వినపడలేదది.

ప్రచారానికి ఏదన్నా ఒక ముక్క కావాలి,
తొమ్మిది సెకన్లయినా చాలంది నస్రీన్.
రికార్డు కాలేదని చెప్పాను.